నమ్మనివారి నెమ్మది

1776 జూలై 7, ఆదివారం. స్కాట్లండు దేశపు ఎడింబరో నగరంలో జేమ్స్ బాస్వెల్ అనే న్యాయవాది ఆనాడు చర్చికి ఆలస్యమైపోయాడు. ప్రార్థనవేళ దాటిపోయిన తరువాత దైవమందిరానికి పోయి ప్రయోజనమేమి? అందుచేత ఆయన దారి మళ్ళించి, దేవుని నమ్మడని ఊరంతా చెప్పుకునే ఒక పెద్దమనిషి ఇంటికి వెళ్ళాడు.

ఆ పెద్దమనిషి పేరు డేవిడ్ హ్యూమ్. తత్త్వవేత్త, చరిత్రకారుడు. వయస్సు 65 సంవత్సరాలు. ఏడాదికి పైగా ఉదరవ్యాధి ఆయనను లోలోపల తినివేస్తున్నది. మందులు మానుపలేని వ్యాధి అని ఆయనకు తెలుసు. మూడు రోజుల క్రితమే, జూలై 4న, ఆప్తమిత్రులను ఇంటికి పిలిచి వీడ్కోలు విందు కూడా చేశాడు.

బాస్వెల్ వెళ్ళేసరికి హ్యూమ్ ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. మనిషి చిక్కి శల్యమైనాడు. ముఖం మట్టిరంగుకు తిరిగింది. అయినా దుస్తులు శుభ్రంగా ఉన్నాయి. బూడిదరంగు కోటు, దానికి తెల్లని లోహపు గుండీలు. ఎదుట అలంకారశాస్త్రం మీద ఆ ఏడే వెలువడిన గ్రంథమొకటి ఉన్నది. రేపో మాపో లోకం విడిచిపోయే మనిషి కొత్త పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాడు!

బాస్వెల్ పరామర్శకు మాత్రమే పోలేదు. మృత్యువు గుమ్మంలోకి వచ్చినప్పుడైనా ఈ మనిషి మనసు మారిందా అని పరీక్షించడానికి పోయాడు. మాటలు మెల్లగా పరలోకం మీదికి మళ్ళించాడు. మరణానంతరం మరొక స్థితి ఉండే అవకాశమే లేదా అని అడిగాడు. నిప్పులో వేసిన బొగ్గు కాలకుండా ఉండే అవకాశం కూడా ఉన్నదని హ్యూమ్ జవాబు చెప్పాడు. ఇక ఎన్నటికీ లేకుండా పోతానన్న తలంపు బాధ పెట్టడం లేదా అని బాస్వెల్ మళ్ళీ అడిగాడు. రవ్వంత కూడా లేదన్నాడు హ్యూమ్. పుట్టుకకు ముందు తాను లేననే సంగతి ఎంత బాధ కలిగించదో, పోయిన తరువాత లేకపోవడమూ అంతే బాధ కలిగించదని, క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలోనే రోమన్ కవి లుక్రీషియస్ చెప్పిన మాటను జ్ఞాపకం చేశాడు.

ఇవన్నీ బిగదీసిన ముఖంతో చెప్పిన మాటలు కావు. మధ్యమధ్య పరిహాసాలున్నాయి. ఆ ఇంట్లో మృత్యువు అనే మాటకు ఉండవలసిన బరువే లేకుండా పోయిందని బాస్వెల్ కలవరపడ్డాడు. పరీక్షించడానికి వెళ్ళినవాడే పరీక్షలో పడ్డాడు. బాల్యంలో తల్లి నేర్పిన ప్రార్థనలను తలచుకొని ధైర్యం తెచ్చుకొనే ప్రయత్నం చేశాడు.

హాయి ఎక్కడిది?

దేవుడు లేడనో, ఉన్నాడో లేడో తెలియదనో అనేవానికి లోకం వేసే ప్రశ్నలు అనాదిగా మూడే. దుఃఖం వచ్చినప్పుడు నీకు ఓదార్పు ఏది? అన్యాయం జరిగినప్పుడు తీర్పు చెప్పేది ఎవరు? చావు వచ్చినప్పుడు ధైర్యం ఎక్కడిది? ఈ మూడింటికీ జవాబు లేనివాడు సంతోషంగా ఉండలేడని, ఉన్నట్లు కనిపిస్తే అది నటన అని, లేదా పశుసుఖమని లోకం తీర్మానించింది. మన దేశంలో చార్వాకుల గతి కూడా ఇదే. వారి మాటలు చాలామటుకు ప్రత్యర్థుల గ్రంథాలలోనే మిగిలాయి. అప్పుచేసి పప్పుకూడు తినే సిద్ధాంతంగానే వారి దర్శనం జనంలో ప్రచారమైంది.

హ్యూమ్ విషయంలో కూడా నటన అనే నింద రాకపోలేదు. ఆనాటి మహాపండితుడు సామ్యూల్ జాన్సన్ ఈ వృత్తాంతం విని, నిబ్బరంగా ఉన్నట్లు అనిపించుకోవాలనే ఆడంబరం తప్ప అది నిజం కాదని కొట్టివేశాడు. కాని నటుడు ప్రేక్షకులు లేనప్పుడు వేషం విప్పుతాడు. హ్యూమ్ విప్పలేదు. ఆగస్టు 20న, అంటే మరణానికి అయిదు రోజుల ముందు, ఆయన పారిస్ నగరంలోని తన స్నేహితురాలు బుఫ్లేర్ ప్రభ్విణికి ఉత్తరం వ్రాశాడు. ఆమెకు ఆప్తుడైన కాంటీ రాకుమారుడు ఆ నెలలోనే మరణించాడు. ఆ దుఃఖంలో ఆమెను ఓదార్చడానికి వ్రాసిన ఉత్తరమది. తన మరణం అంచెలంచెలుగా దగ్గరపడుతున్నదని, తనకు ఆందోళన గాని విచారం గాని లేదని చివర ఒక్క మాట చేర్చాడు. చావబోయేవాడు బ్రతికి ఉన్నవారిని ఓదారుస్తున్నాడు. ఇందులో ప్రదర్శన ఏమున్నది?

ఈ నెమ్మది ఆయనకు తర్కం వల్ల వచ్చిందనుకుంటే పొరపాటు. యౌవనంలో ఆయన అతిగా ఆలోచించి, ఆరోగ్యం చెడి, మనోవ్యాధితో సంవత్సరాల తరబడి బాధపడ్డాడు. 1739లో ప్రకటించిన తొలి గ్రంథంలో ఆ సంగతి దాచుకోలేదు. సంశయాలు మనసును చీకటిలో ముంచినప్పుడు వాటిని పోగొట్టగలిగేది వాదం కాదట. స్నేహితులతో కలిసి భోజనం చేయడం, పాచికలాట ఆడుకోవడం, కబుర్లు చెప్పుకోవడం. కొన్ని గంటలు అలా గడిపి తిరిగి వస్తే ఆ చీకటి ఊహలు తనకే నవ్వు పుట్టించేవని ఆయన వ్రాసుకున్నాడు. జీవితమంతా ఈ వైద్యాన్నే ఆయన సాగించాడు. నమ్మకం లేని కారణాన ఎడింబరో, గ్లాస్గో విశ్వవిద్యాలయాలు రెండూ ఆయనకు ఆచార్యపదవి నిరాకరించాయి. ఆయన పగ పెంచుకోలేదు. చరిత్ర వ్రాశాడు, వంట చేయడం అభ్యసించి మిత్రులకు విందులు పెట్టాడు.

చివరి రోజులలో ఆయన చదువుకున్న గ్రీకు హాస్యరచనలో మృతులను నది దాటించే పడవవాడు ఒకడున్నాడు. మన వైతరణి వంటి నది అది. ఆ పడవవానికి ఏ సాకు చెప్పి గడువు అడగాలా అని హ్యూమ్ మిత్రుడు ఆడమ్ స్మిత్ ఎదుట సరదాగా ఆలోచించాడు. ఇల్లు కట్టడం పూర్తికాలేదనడానికి లేదు. పిల్లల పెండ్లిళ్ళు అనడానికి అసలు పెండ్లే లేదు. ప్రజల మూఢవిశ్వాసాలు కొన్నయినా కూలిపోవడం చూసి వస్తానని అడిగితే, అది ఇంకా కొన్ని వందల యేండ్లకు గాని జరగదు, ముందు పడవ ఎక్కమని వాడు గద్దిస్తాడని తానే నవ్వుకున్నాడు. ఆగస్టు 25 సాయంకాలం నాలుగు గంటల వేళ ప్రాణం పోయింది. చివరిదాకా తెలివి ఉన్నదని, చుట్టూ ఉన్నవారితో ప్రేమగా తప్ప మాట్లాడలేదని వైద్యుడు వ్రాశాడు.

ఈ సంగతులన్నీ స్మిత్ ఒక లేఖలో ప్రకటించాడు. అదే యేడు బ్రిటన్ వాణిజ్య విధానాన్నంతటినీ ఖండిస్తూ మహాగ్రంథం ప్రకటించిన స్మిత్‌కు దానివల్ల వచ్చిన తిట్లకంటె, ఒక మిత్రుడు ప్రశాంతంగా మరణించాడని వ్రాసిన ఈ చిన్న లేఖవల్ల వచ్చిన తిట్లు పదిరెట్లు ఎక్కువట. నమ్మనివాడు దుఃఖపడితే లోకం జాలిపడుతుంది. నెమ్మదిగా ఉంటే మాత్రం సహించలేదు కాబోలు.

నలభైయెనిమిది గంటలు

అయితే ఇక్కడ న్యాయమైన ఆక్షేపణ ఒకటి ఉన్నది. హ్యూమ్ వృద్ధుడు, కీర్తి, ధనం, స్నేహం అన్నీ చవిచూసినవాడు. వెయ్యి పౌనుల వార్షికాదాయం ఉన్నవాడు. అటువంటివాడు తన చావును తాను నవ్వుతూ ఎదుర్కోవడం గొప్పే కాని, అది తన చావు మాత్రమే. కన్నబిడ్డ పోయినప్పుడు ఈ నవ్వు నిలుస్తుందా?

ఈ ప్రశ్న థామస్ హెన్రీ హక్స్‌లీకి 1860లో ఎదురైంది. హక్స్‌లీ జంతుశాస్త్రజ్ఞుడు, లండనులో అధ్యాపకుడు. డార్విన్ పరిణామవాదానికి అండగా నిలిచి ఆ జూన్ నెలలో ఆక్స్‌ఫర్డు సభలో బిషప్‌తో తలపడినవాడు. దైవవిషయంలో తెలియనిదానిని తెలియదనే చెప్పాలనే వైఖరికి 1869లో ఒక పేరు పెట్టినవాడు కూడా ఆయనే. మనవారు దానిని అజ్ఞేయవాదమన్నారు.

ఆయన తొలి కుమారుడు నోయెల్. 1856 డిసెంబరు 31 రాత్రి, లోపలి గదిలో భార్య ప్రసవవేదన పడుతుండగా, హక్స్‌లీ దినచర్య పుస్తకం తెరచి, రాబోయే సంవత్సరాలలో చేయవలసిన పనుల జాబితా వ్రాసుకుంటూ కూర్చున్నాడు. అర్ధరాత్రికి అయిదు నిమిషాల ముందు బిడ్డ పుట్టాడు. నాలుగేండ్లు నిండకముందే, 1860 సెప్టెంబరులో, స్కార్లెట్ జ్వరం ఆ బిడ్డను నలభైయెనిమిది గంటలలో తీసుకుపోయింది. వారం క్రితం తండ్రి కొడుకులిద్దరూ గంతులు వేసి ఆడుకున్నారు. 15వ తేదీ శనివారం రాత్రి హక్స్‌లీ ఆ చల్లబడిన దేహాన్ని చేతులతో మోసుకొని వచ్చి తన చదువు గదిలో పడుకోబెట్టాడు. నాలుగేండ్లనాడు పుట్టుక వ్రాసుకున్న పుటలోనే, దాని కిందనే, ఈ చావునూ వ్రాసుకున్నాడు.

అంత్యక్రియలలో పురోహితుడు బైబిలులోని ఒక వాక్యం చదివాడు. మృతులు మరల లేవనట్లయితే, రేపు చనిపోయేవారమే గనుక ఈనాడు తిని త్రాగుదమనడమే మిగులుతుందని దాని భావం. గుంట పక్కన నిలిచిన తండ్రికి ఆ మాట కత్తిలా తగిలింది. పోయిన బిడ్డ తిరిగి రాడు గనుక తాను మనిషితనం వదిలి పశువులా తిండిలో పడాలా? పిల్లను పోగొట్టుకున్న కోతి కూడా వెంటనే మేతకు పరుగెత్తదే, దుఃఖం తీరేదాకా దుఃఖిస్తుందే అని ఆయన మనసు మండిపోయింది.

ఆ రోజులలో చార్లెస్ కింగ్‌స్లీ అనే నవలాకారుడు ఆయనకు సానుభూతి లేఖ వ్రాశాడు. కింగ్‌స్లీ స్వయంగా క్రైస్తవ మతాచార్యుడు. ఆత్మ అమరమని, బిడ్డ ఎక్కడో ఉన్నాడని నమ్మితే ఎంత ఊరట అని అందులో సూచన ఉన్నది. సెప్టెంబరు 23న, అంటే బిడ్డ పోయిన ఎనిమిదో నాడు, హక్స్‌లీ సుదీర్ఘమైన జవాబు వ్రాశాడు. దుఃఖితుడు వ్రాసిన ఉత్తరాలలో అంతటి నిజాయితీ గలవి అరుదు.

అందులో ఆయన ఆత్మ లేదని వాదించలేదు. లేదనడానికి తనవద్ద ఆధారం లేదు, ఉన్నదనడానికీ లేదు. ఉంటే బాగుండునని మనసు కొట్టుకొంటున్నది. కాని కోరిక సాక్ష్యం కాదు. మామూలు విషయాలలో సాక్ష్యం లేనిదే నమ్మని తాను, గుండె పగిలిన ఈ ఘడియలో మాత్రం నియమం సడలిస్తే అది బిడ్డ జ్ఞాపకానికే అపచారం. భార్యాబిడ్డలు, పేరు ప్రతిష్ఠలు అన్నీ పోయినా సరే, అబద్ధమాడనని ఆయన నిశ్చయం. మరి తనను పతనం కాకుండా నిలిపిందేమిటి? దానికీ సమాధానం చెప్పాడు. కార్లైల్ గ్రంథమొకటి చదివి, మతసిద్ధాంతం లేకుండానే భక్తిభావం ఉండవచ్చునని తెలుసుకున్నాడు. విజ్ఞానశాస్త్రం తనకు నిలువడానికి చోటిచ్చింది. ప్రేమ మనిషి స్వభావంలోని పవిత్రతను చూపింది.

ఈ లేఖలో విజయగర్వం లేదు. ఓదార్పు పొందానని కూడా ఆయన అనలేదు. దుఃఖం దుఃఖంగానే ఉన్నది. ఆయన చేసిందల్లా దానికి వెలకట్టి అమ్మకుండా ఉంచుకోవడం. ఆ డిసెంబరులో మరొక కుమారుడు లెనార్డు పుట్టాడు. ఆ లెనార్డు కొడుకులే తరువాతి కాలపు జూలియన్ హక్స్‌లీ, ఆల్డస్ హక్స్‌లీ. కాని ఒక బిడ్డ మరొక బిడ్డకు బదులు కాడు. 1887లో పెరిగి పెద్దదైన కుమార్తె మేరియన్‌ను కూడా ఆయన పోగొట్టుకున్నాడు. పని మాత్రం మానలేదు. కార్మికులకు సాయంకాలపు ఉపన్యాసాలిచ్చాడు. 1871 వేసవిలో పాఠశాల ఉపాధ్యాయులను కూడగట్టి, పుస్తకంలో చదివి కాక, స్వహస్తాలతో కోసి, స్వనేత్రాలతో చూసి ప్రాణిశాస్త్రం నేర్చుకొనే పద్ధతిని వారికి బోధించాడు. ఎవరో చెప్పినందువల్ల కాక చూసినందువల్ల తెలుసుకోవడమనే ఆ పాఠం ఆయన జీవితానికీ సూత్రమే గదా.

అయితే ఆ లేఖలోని ఒక్క మాటను మాత్రం ఆయన వయసు మార్చివేసింది. ప్రకృతి న్యాయంగానే నడుస్తున్నదని, పాపం తన ఫలితాన్ని తానే అనుభవిస్తుందని 1860లో ఆయన దృఢంగా నమ్మాడు. 1893లో, మరణానికి రెండేళ్ళ ముందు, ఆక్స్‌ఫర్డులో ఉపన్యసిస్తూ, ప్రకృతికి నీతితో పని లేదన్నాడు. లోకంలో ధర్మం పెరగాలంటే మనిషి ప్రకృతి పోకడను అనుకరించరాదు. దానికి ఎదురు నిలువాలి. అంటే తీర్పు చెప్పేవాడు పైన లేడు, ప్రకృతిలోనూ లేడు. ఆ పని మనుషుల నెత్తిన పడింది.

మిఠాయి దుకాణం ముందు

ఆ భారాన్ని నెత్తికెత్తుకొని బ్రతికి చూపినవారు అరుదు. వారిలో ఒకరు తెలుగువారు. హక్స్‌లీవలెనే జీవశాస్త్రం చదివి, హక్స్‌లీవలెనే పాఠాలు చెప్పిన గోపరాజు రామచంద్రరావు గారు. లోకం ఆయనను గోరా అనే పిలిచింది.

1902 నవంబరు 15న ఛత్రపురంలో సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన గోరా గారు వృక్షశాస్త్రంలో ఎం.ఏ. పట్టం పొంది కళాశాలలలో ఉపన్యాసకులయ్యారు. 1928లో జందెం తీసివేశారు. తండ్రి ఇల్లు విడువవలసి వచ్చింది. 1933లో నాస్తికుడనే కారణాన కాకినాడ కళాశాలలో ఉద్యోగం పోయింది. తరువాత మచిలీపట్నం హిందూ కళాశాలలో పనిచేసి, దానినీ వదలి, 1940లో కృష్ణాజిల్లా ముదునూరు గ్రామంలో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. చిన్ననాటనే ఆయనను వివాహమాడిన సరస్వతి గారు అడుగడుగునా వెంట ఉన్నారు. గర్భవతులు గ్రహణం చూడరాదనే భయాన్ని పోగొట్టడానికి ఆమె తాను గర్భవతిగా ఉండగానే గ్రహణం చూశారు.

జీతం లేని ఇల్లు, తొమ్మండుగురు బిడ్డలు. అయినా ఆ ఇంటి ముచ్చట చూడాలంటే ఆ బిడ్డల పేర్లు చాలు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణం. ప్రపంచయుద్ధం ముంచుకొచ్చిన 1939లో పుట్టిన కొడుకు సమరం. తొమ్మిదో బిడ్డ పేరు నౌ. హిందీలో తొమ్మిది అని అర్థం. పిల్లలకు దేవుళ్ళ పేర్లు పెట్టుకునే దేశంలో ఈ తల్లిదండ్రులు కాలం పేర్లు పెట్టి నవ్వుకున్నారు. కులం, దైవం, ఉద్యోగం అన్నీ పోగొట్టుకున్నవారి ఇంట్లో హాస్యం మాత్రం పోలేదు.

ముదునూరులో ఆయన చేసింది వాదాలకంటె పనులే ఎక్కువ. వయోజనులకు చదువు చెప్పారు. పున్నమి రాత్రులలో అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు సాగించారు. ఈ పనిని గురించి చర్చించాలని 1941లో గాంధీజీకి వ్రాశారు. నాస్తికత్వమంటే తనను తాను కాదనుకోవడమని, దాని ప్రచారంలో ఎవరూ నెగ్గలేదని, గోరాకు లభించిన ఫలితం చుట్టుపక్కల ప్రజలలో చిత్తశుద్ధితో చేసిన సేవవల్లనే అని బాపూ జవాబిచ్చారు. రమ్మని మాత్రం పిలువలేదు. 1944 నవంబరులో గాని సేవాగ్రాంలో ఇద్దరూ కలుసుకొనలేదు.

ఆ సంభాషణలలో గోరా గారు ఒక దృశ్యం వర్ణించారు. 1943లో వంగదేశపు కరవు కాలాన ఆయన కలకత్తా వీధులలో నడిచారు. ఆకలితో జనం కాలిబాటల మీద ప్రాణాలు విడుస్తున్నారు. వారి పక్కనే దుకాణాలలో తినుబండారాలు వరుసగా పేర్చి ఉన్నాయి. ఆకలిగొన్న ఆబోతయితే కొట్టినా తిట్టినా మీదపడి ఒక్క కబళమైనా లాక్కుంటుంది. మనుషులు మాత్రం చేయి చాచి అడిగారే గాని ముట్టుకోలేదు. ఇది తమ కర్మ అని చచ్చేవాడు అనుకున్నాడు. అది వాని కర్మ అని దుకాణదారూ అనుకున్నాడు. ఆ కర్మ అనే మాట పోతే గాని ఈ అన్యాయం పోదని గోరా గారి వాదం.

ఈ వాదం పూర్తిగా సరిపోదు. ఆ కరవులో చనిపోయినవారి సంఖ్య 15 లక్షలని నాటి ప్రభుత్వ విచారణసంఘం అన్నది. తరువాతి పరిశోధకులు 30 లక్షల దాకా చెప్పారు. యుద్ధం, అమాంతంగా పెరిగిన ధరలు, పాలకుల ఉదాసీనత కలిసి వారిని చంపాయి. నడవలేని వాడు దుకాణం మీద దాడి చేయకపోవడానికి కర్మసిద్ధాంతమే కారణం కానక్కరలేదు. నీరసం చాలు, లాఠీ చాలు. పైగా అన్యాయాన్ని ఎదిరించడానికి నాస్తికుడే కానవసరం లేదని ఎదుట కూర్చుని వింటున్న గాంధీజీ జీవితమే సాక్ష్యం. అయినా గోరా గారి ప్రశ్నలో తోసివేయలేని పదును ఉన్నది. తీర్పు మరెక్కడో, మరెప్పుడో జరుగుతుందనుకునేవారికి ఈనాటి అన్యాయం కొంత ఓర్చుకోదగినదిగా కనిపించవచ్చు. తీర్పరి లేడనుకునేవానికి ఆ వెసులుబాటు లేదు. వాని సంతోషం ఎదుటివాని ఆకలి దగ్గర ఆగిపోతుంది. తిరిగి కదలాలంటే చేయి కదలవలసిందే.

గోరా దంపతులు పెద్ద కుమార్తె మనోరమను హరిజన యువకుడు అర్జునరావు గారికి ఇవ్వదలచారు. సేవాగ్రాంలో ఆ పెండ్లి తామే జరిపిస్తామన్నారు గాంధీజీ. వధూవరుల ప్రమాణంలో దేవుడనే మాటకు బదులు సత్యమనే మాట ఉండడానికి, జీవితమంతా రామనామం జపించిన ఆ మహాభక్తుడు అంగీకరించారు. తన ఆస్తికత్వమే సరియైనదనీ అనలేను, నీ నాస్తికత్వం తప్పనీ అనలేను, ఇద్దరం సత్యాన్ని వెదికేవారమే అన్న భావం ఆయన మాటలలో వ్యక్తమైంది. 1948 జనవరి 30న బాపూ హత్యకు గురియైనారు. మార్చి 13న సేవాగ్రాంలోనే, ఆయన లేకుండా, ఆయన ఒప్పుకున్న పద్ధతిలోనే ఆ పెండ్లి జరిగింది. మరొక పుష్కరకాలానికి, 1960లో, లవణం గారు మహాకవి జాషువా కుమార్తె హేమలతను వివాహమాడారు.

1975 జూలై 26న విజయవాడలో ఒక బహిరంగసభలో ప్రసంగిస్తూనే గోరా గారు కన్నుమూశారు. పరలోకంలో కలుసుకుంటాననే ఆశ సరస్వతి గారికి లేదు. కాని చేయవలసిన పని ఉన్నది. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు నాస్తిక కేంద్రం వారు సహాయానికి దిగారు. భర్త పోయిన తరువాత 31 సంవత్సరాలు, 2006 ఆగస్టులో తాను పోయేదాకా, ఆమె ఆ కేంద్రానికి అండగా నిలిచారు.

ముగ్గురు విశ్వాసులు

ఈ మూడు వృత్తాంతాలలోను ఒక్కొక్క విశ్వాసి ఉన్నాడు. హ్యూమ్ వద్దకు బాస్వెల్ వెళ్ళాడు. హక్స్‌లీకి కింగ్‌స్లీ ఉత్తరం వ్రాశాడు. గోరాను గాంధీజీ పిలిపించుకున్నారు. నమ్మనివారి నెమ్మదిలో నమ్మేవారి స్నేహానికి కూడా పాలు ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది. కింగ్‌స్లీ తన మతం మార్చుకోలేదు, హక్స్‌లీ తన నిశ్చయం మార్చుకోలేదు; వారి మైత్రి మాత్రం చెడలేదు. తండ్రినో తల్లినో పోగొట్టుకొని బడికి తిరిగి వచ్చిన పిల్లవాడు ఉపాధ్యాయుని ముఖంలోకి చూసినప్పుడు వాడు వెదికేది సిద్ధాంతం కాదు. స్వర్గముందనే మాటగాని లేదనే మాటగాని వానికి వెంటనే పనికిరాదు. పక్కన కూర్చునే మనిషి పనికివస్తాడు. వాడు అడిగిననాడు, తెలిసినది తెలిసినంతవరకు, తెలియనిది తెలియదని చెప్పగలిగే గురువు పనికివస్తాడు.

విశ్వాసం లేని సంతోషం చవకగా రాదు. హ్యూమ్‌కు యౌవనంలోని మనోవ్యాధి, హక్స్‌లీకి చదువు గదిలోని ఆ రాత్రి, గోరా దంపతులకు పుట్టినిల్లు, ఉద్యోగం దానికి వెలలయ్యాయి. ఏ ఒక్కరికీ దుఃఖం తప్పలేదు. స్నేహితులు, పని, అబద్ధమాడని అలవాటు వారిని నిలబెట్టాయి. ఇవి విశ్వాసులకు నిషిద్ధమైనవి కావు. నమ్మనివారికి ఇవి తప్ప వేరే లేవు గనుక వారు వీటిని మరింత జాగ్రత్తగా చూసుకున్నారు.

ఇక బాస్వెల్ సంగతి. హ్యూమ్ మరణం ఆయనను ఏండ్ల తరబడి విడిచిపెట్టలేదు. 1784 జనవరిలో ఒకనాడు ఆయనకు కల వచ్చింది. హ్యూమ్ రహస్యంగా వ్రాసుకున్న దినచర్య ఒకటి తనకు దొరికిందట. అందులో హ్యూమ్ తాను పైకి సంశయాలు ప్రకటించింది కీర్తికోసమేనని, లోపల పరమభక్తుడనని వ్రాసుకున్నాడట. ఆ పుటలు చదివి బాస్వెల్ మనసు కుదుటపడింది. మేలుకున్న తరువాత కూడా అది కల అని తెలియడానికి ఆయనకు కొంతసేపు పట్టింది.